జున్ను చనిపోయాక నేను తిరిగిన ఆఫీసులు

కుక్కపిల్లను కొన్నది 2025 జూన్ 8, ఆదివారం. మృగశిర కార్తె. చేపల పులుసు ఇంకా పొయ్యి మీద ఉండగానే మా పాప చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడింది. ఏడో తరగతిలోకి వచ్చాక కొనిస్తానని రెండేళ్ల కిందట మాటిచ్చాను.

హన్మకొండలో ఒక సందులో ఉన్న షాపు అది. పేరు రాయను. ముందు గదిలో ఏసీ, చేపల తొట్లు, గోడకు వేలాడే మెడపట్టీలు. అద్దాల పెట్టెలో లేత పసుపు రంగు లాబ్రడార్ పిల్ల ఒక్కటే ఉంది. "అమ్మా, అచ్చం జున్ను ముక్కలా ఉంది" అంది మా పాప. పేరు అక్కడే పడిపోయింది.

"అరవై రోజుల పిల్ల అక్కా. ఫస్ట్ డోస్ అయిపోయింది, ఇగో బుక్కు. ఏం టెన్షన్ వద్దు, మంచిగ తింటది" అన్నాడు షాపతను. తొమ్మిదిన్నర వేలు ఫోన్‌పే చేశాను. బిల్లు అడిగితే తన విజిటింగ్ కార్డు వెనక 'లాబ్, మేల్, 9,500' అని రాసి తేదీ వేసి ఇచ్చాడు. నేను ఒక ప్రైవేట్ కాలేజీలో అకౌంట్స్ చూస్తాను, జిరాక్స్ షాపు చీటీ కూడా పారేయను. ఆ అలవాటు కొద్దీ కార్డును పర్సులో పెట్టుకున్నాను. తర్వాత వెళ్లిన ప్రతి ఆఫీసులోనూ మొదట అడిగింది ఆ కార్డే.

ఆ రాత్రి జున్ను ఏమీ తినలేదు. పెరుగన్నం మూతి దగ్గర పెడితే వాసన చూసి పక్కకు తిరిగింది. కొత్త చోటు కదా అనుకున్నాం. సోమవారం సాయంత్రం తెల్లటి నురగ కక్కింది. మంగళవారం పొద్దున లేచేసరికి వంటగది గడప దగ్గర నెత్తురు విరేచనం. తుప్పు పట్టిన ఇనుము, కుళ్లిన మాంసం కలిసినట్టుండే ఆ వాసన ఇప్పటికీ నా ముక్కుకు తగులుతూనే ఉంటుంది.

చున్నీలో చుట్టుకుని క్లినిక్‌కు పరుగెత్తాం. డాక్టర్ గారు ముందు దాని నోరు తెరిచి చూశారు. వెనక పళ్లు ఇంకా చిగుళ్లలోంచి రాలేదు. "ఇది అరవై రోజుల పిల్ల కాదమ్మా. అయిదు వారాలు నిండాయో లేదో" అన్నారు. చిన్న కిట్‌తో పరీక్ష చేస్తే రెండు గీతలు వచ్చాయి. పార్వో, కుక్కపిల్లల పేగుల్ని దెబ్బతీసే వైరస్ జబ్బు. తల్లి ముర్రుపాలతో పిల్లకు కొంత రక్షణ వస్తుందని, అది తగ్గే సమయానికి టీకా పడాలని, ఈ పిల్లను మాత్రం ముందే తల్లి నుంచి విడదీశారని చెప్పారు. ముర్రుపాలు అన్న మాట వినగానే మా పాప నా వైపు చూసింది.

ఆయన చెప్పిన ఇంకో మాట తర్వాత చాలా పనికొచ్చింది. పార్వో ఒంట్లో చేరాక లక్షణాలు బయటపడడానికి మామూలుగా మూడు నుంచి ఏడు రోజులు పడుతుంది. జున్ను మా ఇంటికొచ్చిన మర్నాడే వాంతి చేసుకుంది. అంటే జబ్బు షాపులోనే అంటుకుంది. "ఈ మాట రాసిస్తారా సార్?" అని అడిగాను. రాసి, సంతకం చేసి, ముద్ర వేసి ఇచ్చారు.

మూడు రాత్రులు ఇంట్లోనే సెలైన్ ఎక్కించాం. ముందు కాలికి క్యాన్యులా, గోడకున్న క్యాలెండర్ మేకుకు బాటిల్. వేడినీళ్ల సీసాను గుడ్డలో చుట్టి పొట్ట దగ్గర పెట్టేవాళ్లం. నిమిషానికి ఎన్ని చుక్కలు పడాలో డాక్టర్ గారు చెబితే, మా పాప గడియారం ముందు పెట్టుకుని లెక్కపెట్టేది. నేను పక్కనే కూర్చుని టీకాల బుక్కు తిరగేశాను. సూది వేసినట్టు రాసిన తేదీ మే 25. అతికించిన స్టిక్కర్ మీద మందు గడువు ఫిబ్రవరితోనే అయిపోయింది. సంతకం ఉంది, కింద డాక్టర్ పేరు లేదు, రిజిస్ట్రేషన్ నంబర్ లేదు. ఇరవై ఏళ్లుగా ఓచర్లు చూస్తున్న నేను, కొనేటప్పుడు ఆ పేజీ ఎందుకు చదవలేదో నాకు ఇప్పటికీ బాధే.

శుక్రవారం తెల్లవారుజామున పాప లెక్కపెట్టడం ఆపేసి నన్ను లేపింది.

డాక్టర్ గారికి ఫోన్ చేస్తే, "కంప్లైంట్ ఇచ్చే ఆలోచన ఉంటే అప్పుడే పాతిపెట్టకండమ్మా. పశువుల దవాఖానలో పోస్ట్‌మార్టం చేయించండి. కాగితం లేకపోతే రేపు ఎవరూ వినరు" అన్నారు. ఐస్ ముక్కల మధ్య పెట్టి తీసుకెళ్లాం. అది నా వల్ల కాలేదు, మా తమ్ముడు లోపలికి వెళ్లాడు. సాయంత్రం ధర్మసాగర్ దగ్గర వాడి చెలకలో వేపచెట్టు కింద పూడ్చిపెట్టాం.

శనివారం షాపుకు వెళ్లాను. పైసలు వెనక్కి అడగాలని కాదు, మిగతా పిల్లల్ని అమ్మకుండా ఆపమని చెప్పాలనే వెళ్లాను. అతను బాధపడ్డట్టే మాట్లాడాడు. "పిల్లలన్నంక ఒకటో రెండో పోతయి అక్కా. ఇంకోటి తీస్కపో, పైసలేం అద్దు" అంటూ వెనక తలుపు తీశాడు. అతని వెనకే నేనూ వెళ్లాను.

రేకుల షెడ్డు. మధ్యాహ్నపు ఎండకు లోపల ఊపిరాడటం లేదు. ఒకదాని మీద ఒకటి మూడు వరసల ఇనుప జాలీ పంజరాలు. కింద రేకు కూడా లేదు, నేలంతా జాలీయే. పిల్లల కాళ్లు ఆ కంతల్లోంచి జారిపోతున్నాయి. పై పంజరంలో పోసిన మూత్రం కింది పంజరంలో పిల్లల వీపు మీద పడుతోంది. ఏడు పిల్లలున్నాయి, లెక్కపెట్టాను. రెండు తమ వాంతిలోనే పడుకుని ఉన్నాయి. నీళ్ల గిన్నెలు బోర్లించి ఉన్నాయి. పార్వో వైరస్ నేల మీద, గిన్నెల మీద నెలల తరబడి బతుకుతుందని, ఇంట్లో బ్లీచింగ్ నీళ్లతో కడగమని డాక్టర్ గారు మాకు చెప్పారు. ఇక్కడ చనిపోయిన పిల్ల స్థానంలోకి అదే జాలీ మీదకు కొత్త పిల్ల వస్తోంది.

ఒక మూల గోనెసంచి కప్పిన బుట్టలో రామచిలుక పిల్లలు. కొన్నింటికి ఇంకా ఈకలు సరిగా రాలేదు, వచ్చినవాటికి రెక్కలు కత్తిరించారు.

గోడ పక్కన పసుపు రంగు ఆడకుక్క ఒకటి కట్టేసి ఉంది. గొలుసు బారెడు కూడా లేదు. పొదుగు నేలకు సాగిపోయింది, రెండు చన్లు పుండ్లు పడ్డాయి. నన్ను చూసి మొరగలేదు, లేవలేదు. మూతి మాత్రం ఎత్తి నా చున్నీ అంచును చాలాసేపు వాసన చూసింది. నాలుగు రోజులు జున్నును చుట్టుకుని తిరిగిన చున్నీ అది, అప్పటికింకా ఉతకలేదు.

నేను ఫోన్ తీశాను. ఇరవై ఒక్క ఫోటోలు. "ఫోటోలెందుకు తీస్తున్నవ్? ముందు బయటికి నడువ్" అన్నాడు. అక్కా అనడం అక్కడితో ఆగిపోయింది.

అక్కడి నుంచి నేరుగా పోలీస్ స్టేషన్‌కు వెళ్లాను. ఏ స్టేషనో రాయను. అక్కడి కానిస్టేబుల్ మర్యాదగానే మాట్లాడాడు. "కుక్కపిల్ల కోసం కేసా మేడం? షాపాయనతోని మాట్లాడి పైసలు ఇప్పిస్తం, ఎందుకు లొల్లి?" అన్నాడు. నేను కదలకపోయేసరికి ఎస్సై దగ్గరికి పంపాడు. ఆయన చెప్పింది అసలు చిక్కు. జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం, 1960లో 11వ సెక్షన్ కింద ఉన్న నేరాల్లో ఎక్కువ భాగం నాన్ కాగ్నిజబుల్. అంటే మేజిస్ట్రేట్ అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు మొదలుపెట్టలేరు. ఫిర్యాదును రిజిస్టర్‌లో ఎక్కించి, కాపీ ఇచ్చి, కోర్టుకు వెళ్లమన్నారు.

మా కాలేజీలో పనిచేసే మేడం వాళ్ల తమ్ముడు వకీలు. ఆదివారం ఆయన ఇంటికి వెళ్లి కాగితాలన్నీ బల్ల మీద పరిచాను. ఫోటోలు చూశాక ఆయన ఫీజు మాట ఎత్తలేదు. చట్టం తెరిచి 11(1)(కె) చూపించారు. ఆకలి, దాహం, ఇరుకు లేదా ఇతర హింస వల్ల బాధపడుతున్న జంతువును అమ్మకానికి పెట్టడం నేరం. కదలడానికి చోటులేని పంజరంలో ఉంచడం 11(1)(ఇ) కింద ఇంకో నేరం. నేను షెడ్డులో చూసినదంతా ఆ రెండు వాక్యాల్లో ఉంది. చంపినట్టు కేసు పెట్టలేమా అని అడిగాను. భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద జంతువును చంపినా, అవిటిదాన్ని చేసినా అయిదేళ్ల వరకు జైలు ఉందట. కానీ కావాలని చేశాడని రుజువు చేయాలి, జబ్బుతో చనిపోయిన పిల్ల విషయంలో అది నిలబడదు అన్నారు.

తర్వాత శిక్ష ఉన్న పేజీ తిప్పారు. మొదటి నేరానికి పది రూపాయలకు తగ్గకుండా, యాభై రూపాయల వరకు జరిమానా. నేను సున్నాలు మళ్లీ లెక్కపెట్టాను. మూడేళ్లలోపు మళ్లీ చేస్తే ఇరవై అయిదు నుంచి వంద రూపాయల వరకు జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. ఈ చట్టం వెనక నాట్యకారిణి రుక్మిణీదేవి అరండేల్ ఉన్నారు. రాజ్యసభకు నామినేట్ అయ్యాక ఆమె ప్రైవేటు బిల్లు పెట్టి పట్టుబట్టడం వల్లే ప్రభుత్వం 1960లో చట్టం తెచ్చింది. జంతు సంక్షేమ బోర్డుకు 1962లో మొదటి అధ్యక్షురాలు కూడా ఆవిడే. ఆ రోజుల్లో యాభై రూపాయలు చిన్న మొత్తం కాదు. ఆమె కట్టిన గోడను అరవై అయిదేళ్లుగా ఎవరూ ఒక్క ఇటుక కూడా ఎత్తు పెంచలేదని నాకు కోపం వచ్చింది, ఇప్పటికీ ఉంది.

వకీలు గారు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు, ఇంకో సంగతి ఉంది. 36వ సెక్షన్ ప్రకారం నేరం జరిగిన మూడు నెలల్లోపు కోర్టులో కేసు మొదలవ్వాలి. దాటితే ఎన్ని ఫోటోలున్నా దండగే. క్యాలెండర్‌లో సెప్టెంబర్ 13 చుట్టూ ఎర్రగా గీశాను.

చిలకల సంగతి వేరేగా నడిచింది. అవి వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కిందకు వస్తాయి. మన దేశపు రామచిలుకను పట్టడం, అమ్మడం, ఇంట్లో పంజరంలో పెంచడం కూడా నేరమే. మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉండొచ్చు. అటవీ శాఖకు ఆదివారం రాత్రి ఫోటో పంపితే మర్నాడే వచ్చి బుట్టతో సహా పట్టుకున్నారు, కేసు రాశారు. ఒకే షెడ్డు, ఒకే యజమాని. చిలక బుట్టకూ కుక్కల పంజరానికీ మధ్య దూరం నాలుగడుగులు. చిలకల కోసం వచ్చిన సిబ్బంది కుక్కల్ని చూసి బాధపడ్డారు, కానీ వాటిని ముట్టుకునే అధికారం వాళ్లకు లేదు. చట్టంలో బలం ఉంటే పని ఎంత తొందరగా జరుగుతుందో ఆ రోజు చూశాను.

చుట్టాల్లో కొందరు, "మనుషులకే దిక్కు లేదు, కుక్కపిల్ల కోసం గింత తిరుగుడు అవసరమా?" అన్నారు. ఆ రాత్రుల్లో నిద్ర పట్టక ఫోన్‌లో చట్టాల గురించి చదువుతుంటే పెప్పర్ అనే డాల్మేషియన్ కుక్క కథ దొరికింది. 1965లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో దాన్ని ఎవరో ఎత్తుకెళ్లారు. డీలర్ల చేతులు మారి న్యూయార్క్‌లో ఒక ఆసుపత్రికి ప్రయోగాల కోసం చేరి చచ్చిపోయింది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో లైఫ్ పత్రిక ఒక కుక్కల డీలర్ దొడ్డిలో ఎముకల గూళ్లయిన కుక్కల ఫోటోలు వేసింది. జనం ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు. 1966 ఆగస్టులో అధ్యక్షుడు జాన్సన్ ప్రయోగశాల జంతువుల సంక్షేమ చట్టం మీద సంతకం చేశాడు. అది చదివాక నా ఇరవై ఒక్క ఫోటోలను పెద్ద సైజులో కలర్ ప్రింట్లు తీయించాను. మాటల్లో చెబితే 'షాపులంతే కదా' అనేవాళ్లు ప్రింటు చేతిలో పెడితే మాట్లాడేవాళ్లు కాదు.

ఆ ప్రింట్లతోనే సోమవారం కలెక్టరేట్‌లో జనం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణికి వెళ్లాను. దరఖాస్తు ఒక్క పేజీ. 2018 పెట్ షాప్ నిబంధనల ప్రకారం రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్ట్రేషన్ లేకుండా పెంపుడు జంతువుల్ని అమ్మకూడదు, ఎనిమిది వారాలు నిండని కుక్కపిల్లను అమ్మకూడదు. ఈ రెండు వాక్యాలు పైన రాసి కింద డాక్టర్ సర్టిఫికెట్, పోస్ట్‌మార్టం రిపోర్ట్, కార్డు కాపీ, ఫోటోలు జతచేశాను. రసీదు నంబర్ తీసుకున్నాను. ఎవరైనా ఇలా వెళ్తే కోపం, బాధ అంతా దరఖాస్తులో పోయకండి. నేను మొదట మూడు పేజీలు రాశాను, వకీలు గారు చించేసి మళ్లీ రాయించారు.

జూన్ 30న పశుసంవర్ధక శాఖ వాళ్లు తనిఖీకి వెళ్లారు, నన్నూ రమ్మన్నారు. రిజిస్ట్రేషన్ కాగితం లేదు. ఏడు పిల్లల్లో నాలుగే మిగిలాయి. "మిగతావి అమ్ముడుపోయినయి సార్" అన్నాడు. ఆ నాలుగింటినీ డాక్టర్లు పరీక్ష చేసి, చికిత్స కోసం బయటికి తెచ్చారు. చూసుకోవడానికి కాలేజీ పిల్లలు ముందుకొచ్చారు. మూడు బతికాయి. షాపుకు నోటీసు ఇచ్చారు, రిజిస్ట్రేషన్ వచ్చేదాకా అమ్మకాలు ఆపమన్నారు.

గోడ పక్కన గొలుసు ఉంది. కుక్క లేదు. "మా దగ్గర తల్లికుక్క లేదు సార్, పిల్లల్ని బయట నుంచి తెచ్చి అమ్ముతం" అన్నాడు. నేను పద్నాలుగో ఫోటో చూపించాను. "అది వీధి కుక్క, నీళ్ల కోసం వస్తది" అన్నాడు. పుండ్లు పడ్డ చన్లతో, మెడకు గొలుసుతో, వీధి కుక్క! ఎందుకు దాచాడో వకీలు గారు తర్వాత చెప్పారు. ఇంట్లో ఈనిస్తున్నాడని తేలితే 2017 కుక్కల పెంపకం నిబంధనలు కూడా అతని మీదకు వస్తాయి. ఏడాదికి ఒక్క ఈతకు మించి ఈనించకూడదని వాటిలో ఉంది.

మేజిస్ట్రేట్ అనుమతి జూలై చివర్లో వచ్చింది. పోలీసులు సెప్టెంబర్ మొదటి వారంలో కోర్టులో దాఖలు చేశారు. ఎర్రటి గీతకు వారం ముందు. ఆ వారాల టెన్షన్‌లో నేను స్టేషన్‌కు ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. కానిస్టేబుల్ చివరికి, "మేడం, మీరు కూసోండి, ఛాయ్ తాగుండ్రి, మీ ఫైల్ ఇయ్యాల పంపుతున్న" అన్నాడు. పంపాడు కూడా.

వినియోగదారుల కమిషన్‌లో వేరే కేసు వేశాం. అయిదు లక్షల లోపు విలువకు ఫీజు లేదు, మనమే వేసుకోవచ్చు. కష్టమంతా రాయడంలోనే ఉంది. ఫిర్యాదులో జున్నును 'వస్తువు' అని రాయాలి. 'కొనుగోలు చేసిన వస్తువులో లోపం ఉన్నది.' ఆ వాక్యం టైప్ చేస్తుంటే మా పాప వెనక నుంచి చదివింది. "లోపం జున్నులో ఉందా అమ్మా?" అంది. ఏం చెప్పాలో తెలియలేదు. అలాగే పంపాను. జనవరిలో అతను రాజీకి వచ్చి పిల్ల ఖరీదు, వైద్యం ఖర్చు, అదనంగా అయిదు వేలు కట్టాడు. ఆ డబ్బు బతికిన మూడు పిల్లల టీకాలకు వెళ్లింది.

క్రిమినల్ కేసు అంతకంటే ముందే, నవంబర్‌లో ముగిసింది. నేను వెనక బెంచీ మీద కూర్చున్నాను. పేరు పిలిచారు, అతను తప్పు ఒప్పుకున్నాడు, మొదటి నేరం కాబట్టి చట్టం అనుమతించిన గరిష్ఠ జరిమానా వేశారు. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. కోర్టు ఆఫీసులో అతను వంద రూపాయల నోటు ఇచ్చాడు. గుమాస్తా రసీదు రాసి, యాభై వెనక్కి ఇచ్చాడు. అతను దాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకుని నా పక్క నుంచే నడిచి వెళ్లాడు.

అయినా కేసు పెట్టినందుకు నాకు విచారం లేదు. ఇప్పుడతని పేరు మీద ఒక శిక్ష ఉంది. మూడేళ్లలోపు మళ్లీ ఇదే చేస్తే జైలు మాట వస్తుంది. కానీ చట్టం మారాలి. క్రూరత్వానికి శిక్షలు పెంచుతూ కేంద్రం 2022 నవంబర్‌లో ముసాయిదా బిల్లు ఒకటి ప్రజల ముందు పెట్టింది. ఘోరమైన హింసకు మూడేళ్ల వరకు, చంపితే అయిదేళ్ల వరకు జైలు అందులో ఉన్నాయి. అది ఇంకా చట్టం కాలేదు. మా కాలేజీ స్టాఫ్ అందరం సంతకాలు చేసి మా ఎంపీకి, కేంద్ర పశుసంవర్ధక శాఖకు ఉత్తరాలు పంపాం. మూడే అడిగాం: ఆ బిల్లు పార్లమెంటులో పెట్టండి, పోలీసులు నేరుగా కేసు రాసే నేరంగా చేయండి, మూడు నెలల గడువు పెంచండి. కోర్టు రసీదు కాపీ కూడా జతచేశాను. మీ ఎంపీకి మీరూ రాయండి, నా ఉత్తరం కాపీ కావాలంటే ఇస్తాను.

షాపు మళ్లీ తెరిచాడు. ఇప్పటికి చేపలు, మెడపట్టీలు, తిండి ప్యాకెట్లు మాత్రమే కనిపిస్తున్నాయి. సందు చివర టైలర్ అన్న మాత్రం, తెల్లవారుజామున వెనక షెడ్డులో కుక్క ఏడుపు వినబడుతోందని మొన్న చెప్పాడు.

ఈ సోమవారం మళ్లీ ప్రజావాణికి వెళ్తున్నాను. పద్నాలుగో ఫోటో ఒక్కటే ప్రింటు తీయించాను. దరఖాస్తులో ఈసారి ఒకే వాక్యం ఉంది: ఈ తల్లికుక్క ఇప్పుడు ఎక్కడుందో విచారించి తెలుపగలరు.